స్పానిష్ వాళ్ళకు ఇంగ్లీషు వ్యాకరణం: ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత?

పెన్నాతీరం (డాలస్)

అందరికీ నమస్కారం. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో శనివారాలు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే క్లాసుకు వలంటీరుగా వెళ్తున్నాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో, హోండురస్, ఎల్ సాల్వడార్ వాళ్ళు. ఇళ్ళు కట్టే పనిలో ఉన్నవాళ్ళు, హోటల్ వంటగదుల్లో చేసేవాళ్ళు, ఇళ్ళు శుభ్రం చేసే ఆడవాళ్ళు. వారమంతా పనిచేసి కూడా శనివారం మానకుండా వస్తారు. వాళ్ళ రెండు గంటలు వృథా కాకూడదన్నదే నా బాధ.

మాకిచ్చిన పుస్తకం 'యామ్, ఈజ్, ఆర్' పట్టికతో మొదలై, సింపుల్ ప్రెజెంట్, కంటిన్యువస్ అంటూ పోతుంది. అది ఏ దేశం వాళ్ళకైనా ఒకటే వరస. కానీ క్లాసులో నాకు వినపడే వాక్యాలు ఇవి:

'ఈజ్ వెరీ కోల్డ్ టుడే.'
'మై వైఫ్ హ్యాజ్ థర్టీ ఇయర్స్.'
'ఐ నో అండర్‌స్టాండ్.'
'ద పీపుల్ ఈజ్ గుడ్.'
'మై బాస్ వాంట్స్ దట్ ఐ కమ్ ఎర్లీ.'

ఒకరు కాదు, అందరూ ఇవే అంటారు. అంటే ఇవి స్పానిష్ నుంచే వస్తున్నాయన్నమాట. నాకు స్పానిష్ అంతంతమాత్రం. ఆ భాష తెలిసినవాళ్ళు, ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాళ్ళు కాస్త దారి చూపండి. ఉన్న కొద్ది సమయంలో దేన్ని ముందు పట్టుకోవాలి?

---

భాషాపిపాసి (హైదరాబాద్)

పెన్నాతీరం గారూ, మీరు రాసిన ఐదు వాక్యాల్లోనే సగం సిలబస్ ఉంది. నేను ఇక్కడి ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ చదువుకున్నాను, ఇప్పుడు అనువాదాలు చేస్తుంటాను. పుస్తకం వరస పక్కన పెట్టండి. వాక్యానికి వెన్నెముక లాంటివి రెండున్నాయి: కర్త, 'డూ'. ఆ రెండూ గట్టిపడేదాకా మిగతావి ఆగినా నష్టం లేదు.

ముందు కర్త సంగతి. స్పానిష్‌లో క్రియ తోకే మనిషిని చెప్పేస్తుంది. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' మాట్లాడతావు, 'ఆబ్లామోస్' మాట్లాడతాం. మనకూ అంతేగా, 'వచ్చాను' అన్నాక 'నేను' అక్కర్లేదు. నొక్కి చెప్పాలంటే తప్ప వాళ్ళు 'యో' వాడరు. వాన విషయంలో అసలు కర్తే ఉండదు. 'యువేబె' అన్న ఒక్క క్రియతో వాన పడుతోందని చెప్పడం అయిపోతుంది. 'ఎస్ ఇంపోర్తాంతె' అంటే ముఖ్యం అని. దాన్ని మాటకు మాట మారిస్తే 'ఈజ్ ఇంపార్టెంట్' అవుతుంది. మీ విద్యార్థి 'ఈజ్ వెరీ కోల్డ్' అన్నది అందుకే. అతను 'ఇట్' మరిచిపోలేదు. అక్కడ ఒక మాట ఉండాలన్న ఆలోచనే అతని భాషలో లేదు.

కాబట్టి ఒక క్లాసు మొత్తం 'ఇట్'కే ఇవ్వండి. వాతావరణం, టైము, దూరం, ధర: ఈ నాలుగూ రోజూ పనికొచ్చేవే. ఇట్ ఈజ్ హాట్, ఇట్ ఈజ్ లేట్, ఇట్ ఈజ్ ఫార్, ఇట్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్. దాంతోపాటు కర్త చోటు కూడా చెప్పండి. స్పానిష్‌లో 'యెగో మి ఎర్మానో' అనొచ్చు, అంటే 'వచ్చాడు మా తమ్ముడు'. దాన్నుంచే 'అరైవ్డ్ మై బ్రదర్' పుడుతుంది. ఇంగ్లీషులో ఎవరు చేశారన్నది క్రియకు ముందు రావాలి. ఈ ఒక్క నియమానికి మినహాయింపులు చాలా తక్కువ, అందుకే మొదట్లోనే చెప్పడం మంచిది.

ఇక 'డూ'. స్పానిష్‌లో కాదనాలంటే క్రియ ముందు 'నో' పెడితే చాలు: 'నో ఆబ్లో ఇంగ్లేస్'. అదే 'ఐ నో స్పీక్ ఇంగ్లీష్' అవుతుంది. ప్రశ్నకైతే పదాల వరస మారనక్కర్లేదు, గొంతు మారితే చాలు. రాతలో అది తెలియదు కాబట్టే వాళ్ళు ప్రశ్న మొదట్లోనే తలకిందుల ప్రశ్నార్థకం పెడతారు. స్పెయిన్ రాయల్ అకాడమీ 1754లో తన వర్ణక్రమ గ్రంథం రెండో కూర్పులో ఈ పద్ధతి తెచ్చింది. చదివేవాడికి ముందే హెచ్చరిక అన్నమాట. ఇంగ్లీషులో ఆ హెచ్చరిక పని 'డూ, డజ్, డిడ్' చేస్తాయి. ఈ మాట నా దగ్గర చదువుకునేవాళ్ళకు చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు వెలిగాయి, ఎందుకంటే 'డూ'కి అర్థం ఏమిటని వాళ్ళు అప్పటిదాకా వెతుకుతూ ఉన్నారు. దానికి అర్థం లేదు, పని ఉంది.

ఇంకొకటి: 'డిడ్' కాలాన్ని మోసుకుపోయాక అసలు క్రియ మామూలుగా అయిపోవాలి. 'డిడ్ యూ వెంట్' దగ్గర అందరూ పడతారు, మన పిల్లలూ పడతారు.

---

కృష్ణలంక మాస్టారు (విజయవాడ)

భాషాపిపాసి గారు చెప్పిన కర్త, 'డూ' బాగున్నాయి. కానీ నాకో అభ్యంతరం ఉంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. 'హీ వర్క్స్', 'షీ లివ్స్'లో ఆ చివరి 'ఎస్' మొదటివారం నుంచే పట్టించకపోతే తర్వాత జన్మలో రాదు. 'మై బ్రదర్ వర్క్ ఇన్ కిచెన్' అంటే ఊరుకుంటే ఎలాగమ్మా? పైగా స్పానిష్‌లో ప్రతి మనిషికీ ఒక తోక ఉందంటున్నారు. అన్ని తోకలు పెట్టేవాళ్ళకు ఒక్కటి పెట్టడం ఎంతసేపు?

---

భాషాపిపాసి

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

1970ల్లో హైదీ డూలే, మరీనా బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు నేర్చుకుంటున్న స్పానిష్ పిల్లల్నీ, చైనీస్ పిల్లల్నీ గమనించారు. ఇద్దరికీ ఈ చిన్నచిన్న ముక్కలు ఇంచుమించు ఒకే వరసలో పట్టుబడుతున్నాయని 1974లో రాశారు. 'ఇంగ్', బహువచనం 'ఎస్', 'ఈజ్' లాంటివి తొందరగా వస్తాయి. 'హీ వర్క్స్'లోని 'ఎస్' చివరికొస్తుంది. తర్వాతివాళ్ళు దీనికి సవరణలు చెప్పారు: సొంత భాషలో ఏముందన్నదాన్ని బట్టి వరస మారుతుందనీ, జపనీస్ వాళ్ళకు బహువచనం, ఆర్టికల్సు ఆలస్యమవుతాయనీ చూపించారు. అయినా ఈ 'ఎస్' ఆలస్యంగా వస్తుందన్నది మాత్రం చాలామంది టీచర్లకు అనుభవంలో ఉన్నదే.

కారణం ఊహించడం కష్టం కాదు. స్పానిష్ తోకకు పనుంది, తీసేస్తే ఎవరన్నది తెలియదు. ఇంగ్లీషులో 'హీ' ముందే ఉంది, 'ఎస్' లేకపోయినా అర్థానికి లోటు రాదు. మాట్లాడేవాడి బుర్ర అర్థం వెంట పరుగెడుతుంది. చెప్పొద్దని నేననను. రాతలో దిద్దండి. మాట్లాడుతుంటే మధ్యలో ఆపి దిద్దితే మాత్రం, నలభై ఏళ్ళ మనిషి మళ్ళీ నోరు తెరవడు.

---

కృష్ణలంక మాస్టారు

ఆ చివరి మాట ఒప్పుకుంటాను. పెద్దవాళ్ళను పదిమందిలో ఆపకూడదు. కానీ రాతలో మాత్రం వదలొద్దు పెన్నాతీరం గారూ. ఉద్యోగం దరఖాస్తులో ఆ 'ఎస్' లేకపోతే చదివేవాడు మనిషినే తక్కువగా చూస్తాడు. అది అన్యాయమే, కానీ ఉన్నదే.

---

మాద్రిద్ మెట్రో (స్పెయిన్)

నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో స్పానిష్, ఇంగ్లీషు రెండూ నడుస్తాయి. 'థర్టీ ఇయర్స్' సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మన తెలుగు ఉపాయంగా పనికొస్తుంది.

స్పానిష్‌లో వయసు ఉండదు, వయసును 'కలిగి ఉంటారు'. 'తెంగో బెయింతె ఆన్యోస్' అంటే నాకు ఇరవై ఏళ్ళు. ఆకలి, దాహం, చలి, నిద్ర, భయం అన్నీ అదే 'తెంగో'తోనే. చివరికి 'నువ్వన్నది నిజం' అనడానికి కూడా అదే క్రియ. ఇంగ్లీషులో ఇవన్నీ 'యామ్' కిందికి వస్తాయి: ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ యామ్ రైట్. కాబట్టి వయసు ఒక్కటే కాకుండా ఈ కుటుంబం మొత్తాన్నీ ఒకే రోజు చెప్పండి. విడివిడిగా చెబితే ప్రతిదీ కొత్త తప్పులా కనపడుతుంది.

ఇష్టం, నొప్పి దగ్గర స్పానిష్ మనకు చుట్టం. 'మె గుస్తా ఎల్ కఫే' అంటే అచ్చం 'నాకు కాఫీ ఇష్టం'. 'మె దుయేలె లా కబేసా' అంటే నాకు తల నొప్పిగా ఉంది. కర్త కాఫీ, తల. ఇంగ్లీషులో తలకిందులై 'ఐ లైక్ కాఫీ' అవుతుంది. ఈ మలుపు తెలుగువాళ్ళం మనమూ తిరిగినదే కాబట్టి, అమెరికన్ టీచరు కంటే మీరే ఇది బాగా చెప్పగలరు.

జాగ్రత్తపడాల్సినది 'బోర్డ్', 'బోరింగ్'. స్పానిష్‌లో మాట ఒకటే, 'ఆబుర్రీదో'. ముందు 'ఎస్తొయ్' పెడితే 'నాకు విసుగొచ్చింది', 'సొయ్' పెడితే 'నేనే విసుగు పుట్టించే మనిషిని'. ఇంగ్లీషులో ఆ రెండు క్రియలూ 'యామ్'లో కలిసిపోయి, తేడా అంతా 'ఎడ్', 'ఇంగ్'ల మీదికి వస్తుంది. 'ఐ యామ్ బోరింగ్' అని మీటింగులో వినడం నాకు మామూలే.

---

హ్యూస్టన్ నర్సు

పెన్నాతీరం అక్కా, వ్యాకరణంతో పాటు కొన్ని విషయాలు మీ లిస్టులో పెట్టండి, ప్రాణాలతో పని కాబట్టి.

మొదటిది 'సు' అనే మాట. స్పానిష్‌లో అతని, ఆమె, వాళ్ళ, మీ, అన్నిటికీ అదొక్కటే. అందుకే భార్య గురించి మాట్లాడుతూ 'హిజ్ బ్లడ్ ప్రెషర్' అంటారు. మేము ఎవరి గురించి అడుగుతున్నామో, వాళ్ళు ఎవరి గురించి చెబుతున్నారో రెండు మూడుసార్లు సరిచూసుకోవాల్సి వస్తుంది. హీ-హిజ్, షీ-హర్ ఇంటి మనుషుల ఫోటోలు పెట్టి చెబితే తొందరగా వస్తుంది. స్పానిష్‌లో సొంతమైన వస్తువును బట్టి ఏకవచనమా బహువచనమా అని మారుతుంది, ఇంగ్లీషులో ఎవరిదన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ ఒక్క తేడా వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి.

రెండోది ఒకేలా కనపడి వేరే అర్థం ఇచ్చే మాటలు. 'కొన్స్తిపాదో' అంటే స్పెయిన్‌లో జలుబు చేసిందని, మలబద్ధకం కాదు. 'ఎంబరసాదా' అంటే గర్భిణి. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ళ యువకుణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్ళు 'ఇంతొక్సికాదో' అన్నారు. క్యూబా వాళ్ళ మాటలో తిన్నది ఏదో పడలేదని దాని అర్థం. అది 'ఇంటాక్సికేటెడ్' అని వినపడి, మత్తుమందు ఎక్కువ మోతాదులో తీసుకున్నాడనుకుని చికిత్స చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఆ కేసు దాదాపు 7.1 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది. వైద్య అనువాదం చదివేవాళ్ళందరికీ ఈ కేసు పాఠంగా చెబుతారు.

ఇంకా చిన్నదనిపించేది మందు సీసా మీద 'వన్స్ ఎ డే'. ఇంగ్లీషు అక్షరాల్లో 'వన్స్' ఎలా రాస్తామో, స్పానిష్‌లో 'ఓన్సె' అనే మాటకూ స్పెల్లింగు సరిగ్గా అదే. దాని అర్థం పదకొండు! దయచేసి వన్స్, ట్వైస్, ఎవ్రీ సిక్స్ అవర్స్ ఒక క్లాసులో చెప్పండి.

---

పెన్నాతీరం

అమ్మో, ఆ చివరిది చదివి ఒళ్ళు జలదరించింది. వచ్చే క్లాసులోనే పెడతాను. ఖాళీ మందు సీసాలు తీసుకెళ్తాను.

భాషాపిపాసి గారు చెప్పినట్టు 'ఇట్' క్లాసు ఈ శనివారం చేశాను. బోర్డు మీద వాక్యాలు రాసి మొదటి చోటు ఖాళీ వదిలాను, వాళ్ళే వచ్చి నింపారు. చివర్లో ఒకావిడ బయటికి చూసి 'ఇట్ ఈజ్ రైనింగ్' అని తనంతట తనే అన్నది. క్లాసంతా చప్పట్లు కొట్టారు.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, 'ఐ లివ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అంటున్నారు. రెండోది ఆ 'వాంట్స్ దట్'.

---

ఓరుగల్లు పోరడు

అక్కా, సిన్స్ ఫైవ్ ఇయర్స్ అని మా ఆఫీసుల మనోళ్ళందరు అంటరు కద! మరి స్పానిష్ వాళ్ళకెట్లొచ్చింది?

---

భాషాపిపాసి

తమ్ముడూ, మంచి ప్రశ్న. రెండు భాషలూ ఆలోచించే తీరు ఒకటే. 'ఐదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను' అంటాం మనం. వాళ్ళు 'బీబో అకీ దెస్దె ఆసె సింకో ఆన్యోస్' అంటారు. రెండిట్లోనూ క్రియ వర్తమానమే, ఎందుకంటే ఇప్పటికీ ఉంటున్నాను కాబట్టి. ఇంగ్లీషు మాత్రం అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగినదానికి 'హ్యావ్ లివ్డ్' అని వేరే రూపం పెట్టింది.

'సిన్స్', 'ఫర్' విడదీయడం తేలిక. మొదలైన తేదీ అయితే 'సిన్స్ 2019', గడిచిన కాలం అయితే 'ఫర్ ఫైవ్ ఇయర్స్'. గోడ మీద ఒక గీత గీసి చూపిస్తే పది నిమిషాల పని. 'హ్యావ్ లివ్డ్' మాత్రం నెలలు పడుతుంది, తొందరపడొద్దు.

---

మాద్రిద్ మెట్రో

ఒక చేర్పు. స్పెయిన్ వాళ్ళకు 'హ్యావ్ ఈటెన్' లాంటి రూపం బాగా అలవాటు. ఈ రోజు పొద్దున తిన్నదానికి కూడా వాళ్ళ భాషలో అదే వాడతారు. మెక్సికో వైపు అక్కడ మామూలు భూతకాలమే ఎక్కువ. కాబట్టి నా సహోద్యోగులు 'ఐ హ్యావ్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్' అని సాయంత్రం అంటే, మీ విద్యార్థులు 'ఐ ఆల్రెడీ ఏట్' అంటారు. అమెరికాలో ఆ రెండోది అందరూ అనేదే, దిద్దక్కర్లేదు.

---

భాషాపిపాసి

'వాంట్స్ దట్' గురించి. 'కియేరో కె బెంగాస్' అంటే నువ్వు రావాలని కోరుకుంటున్నాను. 'కె' అంటే 'దట్', దాని తర్వాత క్రియ కోరికను చెప్పే ప్రత్యేక రూపంలోకి మారుతుంది. ఇంగ్లీషులో దానికి బదులు మనిషిని మధ్యలో పెట్టి 'టు' తగిలిస్తాం: మై బాస్ వాంట్స్ మీ టు కమ్ ఎర్లీ. 'వాంట్, నీడ్, టెల్, ఆస్క్' నాలుగూ ఈ మూసలోనే పోస్తాం. పనిచోట యజమాని మాటల్లో సగం ఇవే కాబట్టి నేనైతే దీన్ని మూడో స్థానంలో పెడతాను.

అక్కడే ఇంకో చిక్కు: 'ఐ కేమ్ ఫర్ లెర్న్'. స్పానిష్ 'పారా' వల్ల వస్తుంది. ఎందుకు అన్నదానికి జవాబు క్రియ అయితే 'టు' చాలు, వస్తువో మనిషో అయితే 'ఫర్'. ఐ కేమ్ టు లెర్న్, ఐ కేమ్ ఫర్ ద బుక్.

'పీపుల్ ఈజ్' ఒక్క మాటలో తేలిపోతుంది. 'లా హెంతె' స్పానిష్‌లో ఏకవచనం. చెబితే నవ్వి దిద్దుకుంటారు.

---

కృష్ణలంక మాస్టారు

ఆర్టికల్స్ ఎవరూ ముట్టుకోలేదేం?

---

మాద్రిద్ మెట్రో

మాస్టారూ, ఆర్టికల్స్ విషయంలో వాళ్ళు మనకంటే అదృష్టవంతులు. వాళ్ళ భాషలో ఉన్నాయి కాబట్టి మూడొంతులు సరిగానే వాడతారు. తేడా వచ్చే చోట్లు మూడే. సాధారణంగా ఒకదాని గురించి చెప్పేటప్పుడు 'ద' ఎక్కువ పెడతారు: 'ద లైఫ్ ఈజ్ హార్డ్'. వృత్తి చెప్పేటప్పుడు 'ఎ' వదిలేస్తారు: 'ఐ యామ్ కుక్'. ఒంటి భాగాలకు 'మై' బదులు 'ద' అంటారు: 'ఐ వాష్ ద హ్యాండ్స్'. విశేషణాలు కూడా అలాగే తేలిక. 'కార్ రెడ్' అనడం కొద్ది వారాల్లో పోతుంది, 'రెడ్స్ కార్స్' అని రంగుకు కూడా బహువచనం పెట్టడం మరి కాస్త ఉంటుంది.

నిజంగా ఏళ్ళ తరబడి వదలనివి ప్రిపొజిషన్లు. స్పానిష్ 'ఎన్' ఒక్కటే ఇన్, ఆన్, యాట్ మూడింటి పనీ చేస్తుంది. 'డిపెండ్ ఆఫ్', 'మ్యారీడ్ విత్', 'డ్రీమ్ విత్' అన్నీ వాళ్ళ భాషలోంచి నేరుగా దిగుమతి అయినవే. వీటికి సూత్రం చెప్పే ప్రయత్నం చేయొద్దు. క్రియతో కలిపి ఒకే మాటలా నేర్పండి.

---

ఓరుగల్లు పోరడు

వ్యాకరణం కాదు గని ఒకటి చెప్త. మా అపార్టుమెంటుల కొలంబియా దోస్తు 'ఎస్కూల్', 'ఎస్టాప్' అంటడు. మా నాయనమ్మ ఇస్కూలు అన్నట్టే!

---

భాషాపిపాసి

అవును, 'ఎస్' పక్కన హల్లుతో మొదలయ్యే మాట స్పానిష్‌లో ఉండదు, ముందు 'ఎ' చేరుతుంది. స్పెయిన్ దేశం పేరే చూడు, వాళ్ళ భాషలో 'ఎస్పాన్యా'.

ఉచ్చారణకు వ్యాకరణంతో సంబంధం ఉంది. స్పానిష్ మాటల చివర హల్లులు గుంపుగా రావు. అందుకే 'వాక్డ్' చివరి 'ట్' మింగేస్తారు, భూతకాలం వినపడదు. లేదంటే 'వాకెడ్' అంటారు. తెలియదనుకుని మళ్ళీ భూతకాలం పాఠం చెబితే ప్రయోజనం లేదు. రాయించి చూడండి. రాతలో సరిగా ఉంటే సమస్య నాలుకది. 'వాంటెడ్', 'నీడెడ్' లాగా 'టి', 'డి'తో ముగిసే క్రియలకే 'ఎడ్' విడిగా పలకాలని, మిగతావాటికి ఒక్క హల్లు చాలని చెప్పండి.

అచ్చుల్లో హ్రస్వ, దీర్ఘ భేదం కూడా వాళ్ళకు లేదు. షిప్, షీప్ ఒకటే. తెలుగు టీచరుకు ఇది ఊపిరి తీసినంత సహజం. మన ఇ, ఈ తేడా చెయ్యి దగ్గరికీ దూరానికీ ఆడించి చూపిస్తే సరిపోతుంది.

---

పెన్నాతీరం

అందరికీ చేతులెత్తి దండం. నా వరస రాసుకున్నాను: 'ఇట్'తో కర్త, తర్వాత 'డూ', తర్వాత 'వాంట్స్ మీ టు', 'తెంగో' కుటుంబం, మందు సీసాలతో కలిపి హిజ్-హర్. 'హ్యావ్ లివ్డ్' వేసవి తర్వాత. 'ఎస్' రాతలో మాత్రమే, మాస్టారు గారి మాట ప్రకారం వదలకుండా.

ఇద్దరు పౌరసత్వం పరీక్షకు సిద్ధమవుతున్నారు. వాళ్ళకు వేరే ఏమైనా చెప్పాలా?

---

హ్యూస్టన్ నర్సు

అక్కా, మా అత్తగారికి చేయించాను కాబట్టి తెలుసు. చదవడానికి మూడు వాక్యాలిస్తారు, ఒక్కటి సరిగా చదివితే చాలు. రాయడానికీ అంతే, అధికారి చెప్పిన మూడింట్లో ఒక్కటి రాస్తే చాలు. మాట్లాడడం మాత్రం దరఖాస్తు మీద అడిగే ప్రశ్నల్లోనే చూస్తారు. 'హ్యావ్ యూ ఎవర్' అని మొదలయ్యేవి బోలెడుంటాయి, కాబట్టి ఆ ఇద్దరికీ 'హ్యావ్' రూపం వేసవి దాకా ఆపొద్దు. వినగానే అర్థమై, 'నో, ఐ హ్యావ్ నాట్' అనగలిగితే సరిపోతుంది. రాసేటప్పుడు నెలల పేర్లు, భాషల పేర్లు పెద్ద అక్షరంతో మొదలుపెట్టమనండి, స్పానిష్‌లో వాటిని చిన్న అక్షరంతో రాస్తారు. వాళ్ళలో ఎవరికైనా 50 ఏళ్ళు దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 20 ఏళ్ళయి ఉంటే, లేదా 55 దాటి 15 ఏళ్ళయి ఉంటే, ఇంగ్లీషు పరీక్ష అక్కర్లేదు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి అడిగేవి) సొంత భాషలో రాయొచ్చు... రాయడం కాదు, నోటితోనే చెప్పొచ్చు. దుబాసీని వెంట తీసుకెళ్ళాలి. ముందు వాళ్ళ తేదీలు అడగండి.